పక్కవాడి పళ్ళసెట్టు

అన్నయ్యకు,

తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ నేనూ మీ మరదలూ ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, వదినా, మన గడుగ్గాయీ అలాగే ఉన్నారనుకుంటున్నాను. నీ ఉత్తరం అంది పదిహేను రోజులైంది. జవాబు రాయలేదేమని తిట్టుకునే ఉంటావు. తిట్టుకో. మధ్యలో రెండుసార్లు ఫోన్ చేసింది ఈ విషయం చెబుదామనే. తీరా నీ గొంతు వినగానే మాట మార్చేశాను. వానల గురించి నాలుగు ముక్కలు మాట్లాడి పెట్టేశాను. "వానపడుతోందని చెప్పడానికి రెండుసార్లు ఫోను చెయ్యాలా ఈ మనిషి" అని వెనకనుంచి వదిన నవ్వడం కూడా వినబడింది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెప్పేస్తాను. నా మెడనొప్పి అలాగే ఉంది. రోజంతా బల్లమీదికి వంగి కట్టుడుపళ్ళు చేసేవాడికి మెడ నొప్పెట్టక ఇంకేం చేస్తుంది? మీ మరదలికి కళ్ళజోడు మార్పించాను. ఇప్పుడు నా చొక్కామీద ప్లాస్టర్ మరకలు ఆవిడకి ఇంకా స్పష్టంగా కనబడుతున్నాయి, నా ఖర్మ. డాక్టరుగారి సంగతి అడిగావు. వచ్చే నెలనుంచి ఆయన కోడలు క్లినిక్ చూసుకుంటుందట. ఆవిడ కంప్యూటర్‌తో పళ్ళు చేసే మెషీను తెప్పిస్తోంది. నన్ను మూడు నెలలు వేరే ఊరు వెళ్ళి ఆ పని నేర్చుకు రమ్మంది. ఇష్టం లేకపోతే ఆ మాటా చెప్పెయ్యమంది. అప్పుడు నాకేమీ అనిపించలేదు. సరే చూద్దాం అని వచ్చేశాను.

ఇక నువ్వు రాసిన అసలు సంగతి. "నా మతిమరుపువల్ల పోయిన నీ సీటుని నా కూతురిచేత మళ్ళీ తెప్పిస్తున్నానురా" అని రాశావు. గడుగ్గాయికి డెంటల్ కాలేజీ ఫారం తెచ్చానని, ఈ వచ్చే సోమవారమే ఆఖరు తేదీ అని, అది తెచ్చుకున్న భూములు కొలిచే సర్వే కోర్సు ఫారం బీరువాలో పెట్టేశానని రాశావు. కింద అది తన చేత్తో ఒక్క వాక్యం చేర్చింది. "బాబాయ్, నీ బదులు నేను చదువుతాలే, నువ్వింక దిగులుపడకు" అని.

చిన్నప్పుడు మా ఇంటికొచ్చినప్పుడల్లా మీ మరదలి టేపు పట్టుకుని గడపలు, గోడలు, చివరికి నా పొట్ట కూడా కొలిచి గోడమీద రాసేసిన పిల్ల అది. ఆ వాక్యం చదివాక నాకు ఏడుపు రావాలి. రాలేదు. పన్ను పీకేముందు దవడకి మత్తుసూది వేస్తారు చూడు, ఆ తర్వాత బుగ్గ కొరుక్కున్నా తెలియదు. అలా అయిపోయాను. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని పనికి వెళ్ళాను. మైనంలో ఒక వరస పళ్ళు అమర్చాను. భోజనం చేశానో లేదో గుర్తులేదు. మీ మరదలు ఏదో అడిగితే ఊఁ అన్నాను. "దేనికి ఊఁ?" అంది. తెలియదన్నాను.

ఆ మొద్దుతనంలోనే ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ చెయ్యని తప్పు ఒకటి చేశాను. ఇద్దరు పెద్దమనుషులు పైవరస సెట్లు పగుళ్ళిచ్చాయని బాగుచెయ్యడానికి ఇచ్చి వెళ్ళారు. ఒకాయన బడిలో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇంకొకాయన పాత బస్సు కండక్టరు. పగుళ్ళు అతికి, నునుపుచేసి, కడిగి, ఎవరిది వాళ్ళ డబ్బాలో పెట్టాలి. తారుమారు చేశాను. ఇద్దరూ వచ్చి డబ్బాలు తీసుకుని వెళ్ళిపోయారు.

డ్రిల్లు మాస్టరు అదేరోజు కూతురింటికి ప్రయాణమట, పాత సెట్టు ఇంకోటుంటే దాంతోనే లాక్కొచ్చాడు. మొన్న బుధవారం తిరిగొచ్చి నేనిచ్చిన డబ్బా తెరిచాడు. ఇక చూడాలి ఆయన వీరంగం. "ఇవి నావి కావయ్యా! నేను జన్మలో ఇంత నవ్వుమొహం పెట్టలేదు!" అని క్లినిక్ దద్దరిల్లేలా అరిచాడు. అంటే ఆయన పళ్ళు పదకొండు రోజులుగా కండక్టరు నోట్లో ఉన్నాయన్నమాట!

డబ్బా పట్టుకుని కండక్టరు ఇంటికి పరిగెత్తాను. మూడో అంతస్తు. ఆయనే తలుపు తీశాడు. చిగుళ్ళు ఒరుసుకుపోయి, పెదవి మూలన పుండు పడి, మొహం పీక్కుపోయి ఉన్నాడు. విషయం చెప్పాను.

"అదా సంగతి!" అన్నాడు. "రిపేరు చేశాక ఇంతేనేమో అనుకున్నా బాబూ. నోటికి అలవాటవ్వాలి కదా అని ఓర్చుకున్నా."

"నేను మొత్తుకుంటూనే ఉన్నా, వెళ్ళి అడగవయ్యా అని. వింటేగా! జావ తాగి బతుకుతున్నాడు పదకొండు రోజులనుంచి" అంది లోపలినుంచి ఆయన భార్య.

ఆయన నోట్లోది తీసేసి, డబ్బాలోని తన సెట్టు పెట్టుకున్నాడు. ఒకసారి పళ్ళు కలిపి చూసుకున్నాడు. నన్ను తిట్టలేదు. భార్యవైపు తిరిగి "ఇవాళ అన్నం వండు" అన్నాడు, అంతే.

మెట్లు దిగుతూ రెండో అంతస్తు దగ్గర కూర్చుండిపోయాను. నువ్వు గుర్తొచ్చావన్నయ్యా. నీక్కూడా డబ్బా మార్చి ఇచ్చింది నేనే. ఇరవై ఆరేళ్ళయింది. నువ్వూ అడగలేదు. ఓర్చుకున్నావు.

ఇన్నాళ్ళూ దాచిన మాట ఇప్పుడు రాస్తున్నాను. కూర్చుని చదువు.

ఆ డెంటల్ కాలేజీ ఇంటర్వ్యూ రోజు నువ్వు స్కూటరులో పెట్రోలు పోయించడం మర్చిపోయావు. నిజమే. మనం రెండు మైళ్ళు తోసుకుంటూ వెళ్ళాం, నిజమే. కాలేజీ గేటు దగ్గరికి చేరేసరికి యాభై నిమిషాలు ఆలస్యం. నువ్వు గేటు మనిషి కాళ్ళావేళ్ళా పడి నన్నొక్కణ్ణీ లోపలికి పంపించావు. అక్కడివరకు నీకు తెలుసు. లోపల గుమస్తా నా కాగితం చూసి, "ఇంటర్వ్యూలు గంట లేటయ్యాయి బాబూ, నీ నంబరు ఇంకా రాలేదు, బెంచీ మీద కూర్చో" అన్నాడు.

కూర్చున్నాను. ఎదురుగా తలుపు తీసి ఉంది. ఒకావిడ కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచి ఉంది. నా వయసువాడే ఒక విద్యార్థి ఆవిడ నోట్లో వేళ్ళు పెట్టి ఏదో చేస్తున్నాడు. ఆవిడ కాలి బొటనవేలు వణుకుతోంది. అది చూస్తూ కూర్చున్నాను. ఒక మనిషి నోట్లో చెయ్యిపెట్టి బతకడం నావల్ల కాదని ఆ క్షణంలో తెలిసిపోయింది. అంతకుముందు తెలియదు, ఒట్టు. నా నంబరు పిలిచారు. లేవలేదు. మళ్ళీ పిలిచారు. మూడోసారి కూడా పిలిచారు. తర్వాత పక్క నంబరువాడు లేచి వెళ్ళాడు.

బయటికొచ్చి నీతో "టైమైపోయిందట" అన్నాను.

నువ్వు అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చుని తల బాదుకున్నావు. నేను నీ పక్కన నిలబడ్డాను. నీ భుజంమీద చెయ్యి వెయ్యలేదు. అదే మొదటి రోజు చెప్పేసి ఉంటే నాలుగు తిట్టి మర్చిపోయేవాడివి. మొహం చెల్లక చెప్పలేదు. ఆ తర్వాత చెప్పకపోవడమే హాయిగా ఉంది. "పాపం, డాక్టరు కావలసినవాడు" అని అందరూ అంటుంటే విన్నాను. వినీ వినీ నేనూ నమ్మేశాను. ఆ డాక్టరుకి మంచి వీధిలో గది, గుమ్మానికి బోర్డు, తెల్లకోటు అన్నీ నేనే అమర్చి, వాడు రాలేదని నేనే దిగులుపడ్డాను. వాడెక్కడా లేడన్నయ్యా. ఆ బెంచీ మీద కూడా లేడు. నాకు అచ్చుపోసిన ప్లాస్టరు నోళ్ళంటే ఇష్టం. అవి వణకవు. ఎంత సేపైనా తెరుచుకుని ఉంటాయి. ఈ పని నాకు దక్కని దానికి బదులుగా దొరికింది కాదు, నాకు సరిపోయిన పని.

మీ మరదలికి బుధవారమే చెప్పాను. "నాకు చెప్పడం ఏం గొప్ప? వెళ్ళి చెప్పాల్సినవాళ్ళకి చెప్పండి" అని కాగితాలు తెచ్చి ముందు పడేసింది. రెండు రోజులు రాసి చించాను. ఈ పొద్దున డాక్టరుగారి కోడలితో మెషీను పనికి వెళ్తానని చెప్పాను. యాభైకి దగ్గరపడ్డాక బడికి పోవాలంటే భయంగానే ఉంది. భయమైనా తెలుస్తోంది, అదే పదివేలు. మిగతాదంతా ఇంకా మొద్దుగానే ఉంది, అబద్ధం ఎందుకు.

ఇది రేపు శనివారం నీకందేలా కొరియర్‌లో వేస్తున్నాను. నువ్వు చదివాక గడుగ్గాయి చేతికివ్వు. నీ మాటల్లో చెప్పకు, నన్ను వెనకేసుకొస్తావు. దాన్నే చదవనీ. బీరువాలో పెట్టిన ఫారం కూడా తీసి దాని ముందు పెట్టు. రెంటిలో ఏది నింపుతుందో దాని ఇష్టం. డెంటలే నింపినా నాకు సంతోషమే. కానీ నా బదులు మాత్రం వద్దని చెప్పు. నాకు బాకీ ఉన్న సీటు ఏదీ లేదు.

నన్ను క్షమించమని అడగడం లేదు. అడిగితే నువ్వు ఉత్తరం మడిచేలోపే క్షమించేస్తావు, నీ సంగతి నాకు తెలియదా? అలా చెయ్యకు. ఇరవై ఆరేళ్ళు నీమీద నువ్వే కోప్పడ్డావు. ఇక నామీద కోప్పడు అన్నయ్యా.

ఇట్లు,
నీ తమ్ముడు