ఏకాదశి నాటి మాత్రలు

జూన్ 24, మంగళవారం

కుడిచేత్తో రోజూ నాలుగు ముక్కలు రాయమని ఫిజియో అమ్మాయి సాయలి చెప్పింది. ఏం రాయాలో చెప్పలేదు. నాందేడ్ చుట్టుపక్కల స్టేషన్లలో స్టేషన్ మాస్టర్‌గా రిజిస్టర్లు నింపిన చెయ్యి ఇది. ఇప్పుడు 'అ' రాస్తే పక్కకు ఒరుగుతోంది. అయినా నిన్నటి కంటే నయం.

స్ట్రోక్ వచ్చింది పోయిన నవంబరు ఆఖర్లో. కుడి వైపు పడిపోయింది. మాట తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది, చెయ్యి వస్తోంది. నా భార్య చంద్రభాగ ఫిబ్రవరిలో పోయింది. న్యుమోనియా. నన్ను లేపి నిలబెట్టి తను పడుకుంది. దీని గురించి ఇంతకంటే రాయను.

ఇవాళ చెకప్. బీపీ బాగుంది. డాక్టరమ్మ సంతోషించింది. రెండో స్ట్రోక్ రాకుండా చూసుకోవడమే ఇక జీవితమంతా మీ పని అంది. రిటైరైనవాడికి పని దొరికింది. ఒక మాత్ర మార్చింది. ఏదీ ఖాళీ కడుపున వద్దు, తిన్నాకే వేసుకోవాలంది.

జూలై 5, శనివారం

రేపు ఆషాఢ ఏకాదశి.

ఆస్పత్రిలో నేను మాట పడిపోయి ఉన్నప్పుడు చంద్రభాగ విఠోబాకు మొక్కుకుంది. నేను లేచి నడిస్తే వచ్చే కార్తీక ఏకాదశి దాకా ప్రతి ఏకాదశికీ ఉపవాసం ఉంటానని. నేను నడిచాను. తను ఉన్నన్నాళ్లు తను ఉంది. మిగిలినవి నేను ఉంటున్నాను. ఇంట్లో ఒకరి మొక్కు మిగిలిపోతే ఇంకొకరు తీర్చాలి. మాలో అంతే. పిల్లలు లేరు, కాబట్టి ఆ ఇంకొకరు నేనే.

విఠోబా మీద నాకు పెద్ద నమ్మకం లేదు. చంద్రభాగ ఇచ్చిన మాట మీద ఉంది.

జూలై 6

పొద్దున్నుంచి వీధంతా తాళాలు, విఠల నామం.

ఉపవాసం సరుకుల కోసం రామదాస్ కిరాణా దుకాణానికి వెళ్లాను. నిజామాబాద్ నుంచి తాతల కాలంలో వచ్చిన కుటుంబం. నా కంటే ముందే స్ట్రోక్ వచ్చి లేచినవాడు, అందుకని తాను నాకు సీనియర్‌నంటాడు. సగ్గుబియ్యం, పల్లీలు, సైంధవ లవణం కట్టాడు. నాకు ఉప్పు తగ్గించమన్నారని గుర్తు చేశాను. "గిది ఉప్పు కాదు మాస్టర్ సాబ్, ఉపాసానికి నడుస్తదంటె ఉప్పెట్లయితది?" అని ఇంకో పొట్లం వేశాడు. తనూ అదే తింటాడట.

సగ్గుబియ్యం కిచిడీ చేసుకున్నాను. సైంధవం చేతికి వచ్చినంత వేశాను. రుచిగా కుదిరింది. రెండు సార్లు వడ్డించుకున్నాను.

మాత్రలు వేసుకోలేదు. తిన్నాకే వేసుకోమన్నారు. ఉపవాసం ఉన్నప్పుడు తిన్నట్టు కాదు కదా. ఉపవాసం దశమి రాత్రి నుంచే కాబట్టి నిన్న రాత్రివి మానేశాను, ఇవాళ్టివీ, రేపు పొద్దుటివీ మానాలి.

మంచి రోజు. చంద్రభాగ ఫొటో ముందు తులసి పెట్టాను.

జూలై 8

తల బరువు. ఉక్కగా ఉంది.

జూలై 14

చొక్కా గుండీలు అన్నీ నేనే పెట్టుకున్నాను. కింది గుండీ పై కాజాలోకి వెళ్లింది. మార్చలేదు. అలాగే సాయలి దగ్గరికి వెళ్లి చూపించాను. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది.

జూలై 21, సోమవారం, సాయంత్రం

ఏకాదశి. మాత్రలు మళ్లీ మానాను. ఇంట్లో బీపీ మిషన్ నూట డెబ్బై దాటి చూపించింది. సెల్స్ మార్చి చూశాను. అంతే. మిషన్ పాతది.

జూలై 23

ఆస్పత్రి మంచం మీద రాస్తున్నాను.

నిన్న పొద్దున గోదావరి ఘాట్ వైపు నడుస్తున్నాం, నేనూ రామదాసూ. ఏదో అడిగాడు. జవాబు నోట్లో ఉంది. బయటికి వచ్చింది మాత్రం మాట కాదు. రామదాస్ ఆగి నా రెండు భుజాలూ పట్టుకుని, "నవ్వు మాస్టర్ సాబ్! జర నవ్వి సూపెట్టు!" అని రోడ్డు మధ్యలో అరిచాడు. పాలవాడు బండి ఆపాడు. పూలమ్మే ఆమె, పెద్దాయన్ని పట్టుకుని ఈ దౌర్జన్యమేమిటని మరాఠీలో కోప్పడింది. నేను నవ్వాను. నవ్వాననుకున్నాను. "ఒక్క దిక్కే నవ్విండు!" అని రామదాస్ ఎదురొచ్చే ఆటోకు అడ్డంగా నిలబడ్డాడు.

ఆటోలో దారంతా చేతులు ఎత్తమని తిట్టాడు. కుడిది ఎత్తితే కిందికి జారింది. "నా ఎన్క అచ్చి నా కంటె ముంగట పోదామనుకుంటున్నవా? లైన్ల నిలవడు!" అన్నాడు. కళ్లు తుడుచుకుంటూ అన్నాడు.

ఆస్పత్రి గేటు దగ్గరే మాట వచ్చింది. మొదట వచ్చిన మాట, "వదులు." చొక్కా ఇంకా పట్టుకునే ఉన్నాడు.

స్కాన్‌లో కొత్త మచ్చ లేదు. మినీ స్ట్రోక్ అంది డాక్టరమ్మ. గడ్డ అడ్డుపడి దానంతట అదే కదిలిపోయింది, వచ్చేసారి కదలకపోవచ్చు అంది. మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగింది. చెప్పాను. పెన్ను కింద పెట్టి నన్ను చూసింది. గిన్నెడు సగ్గుబియ్యం తిని ఖాళీ కడుపంటారేమిటి సార్ అంది. అసలు ఏ కారణంతోనైనా ఒక్క పూట కూడా మానకూడదట. అనుమానం ఉంటే ఫోన్ చేయాలట. బీఎస్సీ చదివానని ఆమెకు చెప్పలేదు.

సైంధవం సంగతీ అడిగాను. ఏ రంగుదైనా ఉప్పు ఉప్పే అంది. రామదాస్ తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. ఆ ముఖం చూడాల్సిందే.

నాకు ఇక ఉపవాసాలు వద్దంది. వేళకు తిండి, వేళకు మాత్ర. మొక్కు గురించి నేను చెప్పలేదు.

జూలై 25

ఇంటికి వచ్చాను. వేళకు తింటున్నాను. బాకీ ఎగ్గొట్టినవాడిలా తింటున్నాను.

జూలై 27, ఆదివారం

చంద్రభాగ చెల్లెలు వెంకవ్వ ధర్మాబాద్ నుంచి పొద్దుటి బండికి దిగింది. రామదాస్ ఫోన్ చేశాడట. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది. "ఏంది బావా, జిందగీ అంత ఎర్ర జెండ, పచ్చ జెండ పట్టినోనివి. మిషన్ల నూట డెబ్బై అచ్చినా ఎర్రది కనవడలేదా నీకు?" అంది. సెల్స్ మార్చానన్నాను. "గోలీలేసుకోనోనివి సెల్స్ మార్చినవు. మస్తు తెలివి" అంది.

అప్పుడు మొక్కు సంగతి చెప్పాను. కార్తీకం దాకా ఉందని. డాక్టర్ వద్దన్నా, మాత్రలు వేసుకుంటూనే ఉపవాసం ఉంటానని. మధ్యలో వదిలేస్తే చంద్రభాగ మాట పోతుందని.

వెంకవ్వ కొంగు నడుముకు చుట్టింది. "మా అక్క ఎందుకు మొక్కింది? నువ్వు బతకాలెనని. నువ్వు గా మొక్కు పట్టుకొనే సస్తనంటె ఎట్ల? రేపు విఠోబా మా అక్కను నిలవెట్టి అడగడా, ఏందమ్మా చంద్రభాగా గిదేం లెక్క అని?"

ఇద్దరం ఫొటో వైపు చూడకుండా కూర్చున్నాం.

మధ్యాహ్నం అన్నం దగ్గర తీర్మానం చెప్పింది. ఉపవాసం ఆమెది. తిండీ, మాత్రలూ నావి. "అక్క ఏ కడుపున పుట్టిందో నేను గూడ గా కడుపుననే పుట్టిన. ఇంటోళ్లు తీర్చాలెనంటె నేను ఇంటిదాన్ని కాదా?" అంది.

అయితే ధర్మాబాద్‌లోనే ఉండి చెయ్యమన్నాను. ఒప్పుకోలేదు. నేను తింటున్నానో లేదో ఎవరు చూడాలట. మరి మీ ఆయన అంటే, "ఒక్క దినం సద్ది రొట్టె తింటె ఏం గాదు మీ తోడల్లునికి, పొట్ట తగ్గుతది" అంది.

నేనూ ఒక షరతు పెట్టాను. ఉపవాసానికి ముందు ఆమె బీపీ చూడాలని. చూశాను. నూట ఇరవై. సాయంత్రం రామదాస్ దుకాణానికి పోయి ఆ అంకె చెప్పి, సైంధవం పొట్లాలు వాపసు ఇచ్చి వచ్చింది.

ఆగస్టు 5, మంగళవారం

ఏకాదశి. వెంకవ్వ నిన్న రాత్రే వచ్చింది.

నాకు రెండు జొన్న రొట్టెలు, మెంతికూర, పెరుగు పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆమె మంచినీళ్లు మాత్రమే తాగింది. నా కోసం ఒక మనిషి పస్తుండగా ఆ మనిషి ముందు తినడం ఇంత కష్టమని తెలియదు. లేస్తానన్నాను. "లేసినవంటె నా ఉపాసం పోయింది" అంది.

చంద్రభాగ నాకు చెంచాతో తినిపించేది. ఏకాదశి రోజుల్లో కూడా. అప్పుడు తన ముఖం ఎలా ఉండేదో నాకు తెలియదు. నేను చెంచా వైపు చూస్తూ ఉండేవాణ్ణి. ఇవాళ వెంకవ్వ ముఖం చూశాను. విసుగు లేదు. ఆకలి ఉంది, దాన్ని దాచుకోవడం లేదు. మడికి నీళ్లు ఎక్కుతున్నాయా లేదా అని గట్టు మీద కూర్చుని చూసే మనిషిలా ఉంది. అక్కాచెల్లెళ్లకు ముక్కు ఒకటే. కళ్లూ ఒకటే అయి ఉంటాయి.

మొత్తం తిన్నాను.

మాత్రలు వేసుకున్నాక నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించమంది. చూపించాను. రిటైర్డ్ స్టేషన్ మాస్టర్‌ని.

ఆగస్టు 19

ఏకాదశి. రొట్టె, తోటకూర, మాత్రలు. నాలుక ఎత్తాను.

సెప్టెంబర్ 9

చెకప్. నూట ముప్ఫై. రామదాస్‌ని కూడా లాక్కెళ్లాను. తాను పాత పేషెంటుననీ, తనకన్నీ తెలుసుననీ చాలా రోజులుగా చూపించుకోలేదు. సీనియర్‌కే మార్కులు తక్కువ వచ్చాయి. ఆయనకు మాత్ర పెంచారు. వీధి మలుపులో, వెంకవ్వకు చెప్పొద్దని బతిమాలాడు.

చెప్పాను.

సెప్టెంబర్ 12

రామదాస్ దుకాణంలో సైంధవం డబ్బా మీద మరాఠీలో కొత్త చీటీ. 'ఇది కూడా ఉప్పే.' అమ్మకాలు పడిపోలేదట. జనం చదివి నవ్వి కొనుక్కుపోతున్నారట. ఆయన మాత్రం మానేశాడు.

అక్టోబర్ 3

ఏకాదశి. చంద్రభాగ చీరలు వెంకవ్వకు ఇచ్చాను. ఒకటి ఉంచుకున్నాను. అది ఏదని ఆమె అడగలేదు.

అక్టోబర్ 20

కుక్కర్ మూత నేనే పెట్టాను. కుడిచేత్తో. పప్పు ఉడికింది.

నవంబర్ 2, ఆదివారం

కార్తీక ఏకాదశి. మొక్కులో చివరిది. వెంకవ్వ మధ్యాహ్నం నడుం వాల్చింది. ఆమెకూ వయసు వస్తోంది. నేను తిన్న గిన్నె చప్పుడు చేయకుండా కడిగాను. రేపు ఉపవాసం విడవడానికి వంట నాదేనని చెప్పాను. వద్దంది. వినలేదు.

నవంబర్ 3, ద్వాదశి

వెంకవ్వ నేను వండిన పప్పూ అన్నంతో ఉపవాసం విడిచింది. "గిదేంది బావా, గడ్డి గూడ గింతకంటె నయముంటది" అని ఉప్పు డబ్బా అడిగింది. ఇవ్వలేదు. తిట్టుకుంటూ తిన్నది.

మొక్కు తీరింది. నేను ఉన్నాను.

పప్పు కొంచెం మిగిలింది. రాత్రికి సరిపోతుంది.