కిటికీలో ఉన్న మా పెండ్లికుండ

చేతివృత్తుల శాఖ అధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నమూనాగా తీసుకొన్న మా బిడ్డ పెండ్లికుండను శుక్రవారంలోగా వాపసు ఇప్పించుట గురించి.

సోమందేపల్లె దగ్గర కాపురముండు కుమ్మరి ఓబమ్మ అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. చేతివృత్తి కార్డుకు దరఖాస్తు చేయగా, బొమ్మలు వేసిన కుండనే నమూనాగా తేవలెనని తమ కార్యాలయం వారు పట్టుబట్టినారు. ఆ వేళకు ఇంట్లో బొమ్మలున్నవి మా కల్పన పెండ్లికి చేసిన అరివేణి కుండలే, అనగా పందిట్లో ఒకదానిపై ఒకటి పేర్చి పూజించునవి. నడిమిది తెచ్చి ఇచ్చితిని. "ఈడ పెట్టి పో అక్కా, సార్ చూసినాంక ఇస్తాం" అని గుమాస్తా చంద్రమోహన్ గారు చెప్పినారు. సార్ చూడనూ లేదు, కుండ రానూ లేదు.

2. తదుపరి విచారణకు వచ్చినవారు "చక్రం యాడుండాదమ్మా?" అని అడిగి, లేదనగా నేను కుమ్మరిని కానని రాసుకొని పోయినారు. మా ఇంట్లో కుండలు చేసేది ఆడవాళ్లం, ఆడవాళ్లం చక్రం ముట్టము. మట్టిని చేత్తో వరుసలుగా పేర్చి, లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి పెంచుతాము. వారి ఎదుటనే చేసి చూపిస్తిని. అయినా కాదట! నేను కుమ్మరిని కాకపోతే నా కుండ తమ ఆఫీసులో ఎందుకుండవలెను?

3. నిన్న వచ్చి చూడగా సదరు కుండ తమ కిటికీలో ఉన్నది. అడుగున తూటు పొడిచి, మట్టి నింపి, మనీప్లాంటు నాటినారు. ఏం మనుషులప్పా! పైగా "ఇంకోటి చేసుకోరాదా, నీకేం కష్టం?" అన్నారు. కుండ నేను చేస్తాను. దానిమీద సున్నంతో నెమళ్లు వేసినది నా భర్త ఎర్రన్న. బిడ్డ పెండ్లని ఎవరినీ పక్కకు రానీయకుండా వేసినాడు. ఆ తరువాత పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయినది. ఆ చెయ్యి ఇక గీత గీయదు.

ఊరందరి పెండ్లిండ్లకూ కుండల కోసం మేళం మా ఇంటి ముందుకే వచ్చినది. శుక్రవారం మా బిడ్డ పెండ్లికే వస్తుంది. కార్డు ఇచ్చినా సరే, ఇవ్వకపోయినా సరే. కుండ ఇప్పించ ప్రార్థన. పేదరాలి మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఓబమ్మ (వేలిముద్ర)

తా.క.: అర్జీ రాసిన కలీముల్లా అన్న ఇంతటితో చాలంటాండాడు. ఈ ఒక్క మాట రాయమన్నాను. తూటుపడిన కుండ ఊరోళ్ల పెండ్లికైతే ఇయ్యను. మా బిడ్డకైతే ఇస్తాను, తూటు నేనే పూడ్చుకుంటా. శుక్రవారం దాకా ఆ మొక్కకు నీళ్లు పోయొద్దు నాయనా. చెమ్మ బయటికొచ్చి సున్నం రాలిపోతాది.