గడ్డి తగలబెట్టనని సంతకం

నవంబరు 6
బాపట్ల వెళ్ళి సంతకం పెట్టి వచ్చాను. నాన్న ఇచ్చిన రెండెకరాల్లో మూడేళ్ళ పాటు గడ్డి తగలబెట్టకూడదు. మురుగు కాలువ గట్టు మీది చెట్లు కొట్టకూడదు. వరి కోయక ముందే చేలో మినుములు చల్లాలి. ఇవన్నీ చేస్తే కార్బన్ క్రెడిట్ల కంపెనీ ఒకటి ఏటా డబ్బిస్తుందట. పొగ తగ్గుతుంది, నేల బాగుపడుతుంది అంటూ కంపెనీ అమ్మాయి అరగంట చెప్పింది. ముప్ఫై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పిన దాన్ని, నాకే పాఠం.

"సాగు చేసేది మీరేనా అండి?"

"నేనే."

చేసేది కోటేశ్వరరావు. నోటిమాట కౌలు. ఆ పేరు కాగితం ఎక్కితే ఏమవుతుందో తమ్ముడు చెప్పనే చెప్పాడు — "వాడి పేరు రాశావంటే పొలం మీద ఆశ వదులుకో అక్కా."

నవంబరు 8
కోటేశ్వరరావుకు ఫోన్. మొక్కజొన్న వద్దు, మినుము వెయ్యి, గడ్డి తగలబెట్టకు అన్నాను. ఎందుకో చెప్పలేదు.

"మిషను కోస్తే గడ్డంతా మినుం మీదే పడుద్దండి టీచర్ గారూ. అదంతా ఎవరు లాగుతారండి?"

నువ్వే, ఇంకెవరు... అనలేదు. చూద్దాంలే అన్నాను.

నవంబరు 14
రైతు పొలంలో నిలబడిన ఫొటో కావాలట. తెనాలి నుంచి రేపల్లె బస్సు, అక్కడి నుంచి ఆటో. గంజి పెట్టిన చీర కట్టుకు వెళ్ళడం నా బుద్ధి తక్కువ. గట్టు మీద రెండుసార్లు జారాను.

కోటేశ్వరరావు, వాడి భార్య నాగమణి అక్కడే ఉన్నారు. "రైతు ఒక్కరే ఉండాలండి" అంది కంపెనీ అమ్మాయి. వాళ్ళను పక్కకు జరగమన్నాను.

"వీళ్ళెవరండి?"

"మా పనివాళ్ళు."

నాగమణి తల తిప్పి చూసింది.

"పొలానికి నీళ్ళు ఎటు నుంచి పెడతారండి?" చెయ్యి చూపించాను — మురుగు కాలువ వైపు! కోటేశ్వరరావు దగ్గాడు. ఒళ్ళు మండిపోయింది. వాడు దగ్గకపోతే ఆ పిల్లకు తెలిసేదే కాదు.

నవంబరు 19
నాగమణి తెనాలి వచ్చింది. గేటు బయటే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. ఫొటో, కంపెనీ డబ్బు సంగతంతా ఎవరి దగ్గరో తెలుసుకుంది.

"పదకొండేళ్ళ నుంచి చేస్తన్నామండి. మేం పనోళ్ళమా?"

"వచ్చినదాంట్లో మీ వాటా మీకిస్తాను."

"వాటా కాదండి. పేరు. పోయినేడు తుపానుకి చేను పడిపోయి పరిహారం అడిగితే, కాగితం ఏదని ఆఫీసులో ఎనక్కి పంపారు. మీకు తెల్దా?"

తెలుసు. కౌలు కార్డు మీద సంతకం మాత్రం అడగద్దన్నాను. గొంతు పెద్దదైంది. ఎదురింటి వాళ్ళు కిటికీ తీశారు. వీళ్ళకు చనువిచ్చింది నేనే, అనుభవించాలి.

నవంబరు 24
మినుములు చల్లలేదు. ఫోన్ ఎత్తడు.

నవంబరు 26
రెండు రోజుల్లో కోత. ఇంకా ఆలస్యమైతే నేల పదును ఆరిపోతుంది, గింజ మొలవదు. రేపల్లెలో విత్తనాలు కొని ఊళ్ళో నలుగురిని పిలిచాను. ఒక్కరూ రాలేదు. "కోటేశ్వర్రావు చేలో మేమెట్టా దిగుతామండి?" అన్నాడు ఒకడు. కోటేశ్వరరావు చేనట! దస్తావేజు నా బీరువాలో ఉంది.

నేనే దిగాను. పెళ్ళిలో అక్షింతలు వేసినట్టు చల్లి ఉంటాను — ఒకచోట గుప్పెళ్ళకు గుప్పెళ్ళు, ఇంకోచోట ఏమీ లేదు. గట్టు మీద ఎవరో నవ్వారు. నడుం పట్టేసింది.

నవంబరు 28
మిషను కోసింది. చేనంతా గడ్డి. కింద మినుము ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

డిసెంబరు 4
మొలక వచ్చిందేమో చూద్దామని వెళ్ళేసరికి పక్క చేను వాళ్ళు గడ్డికి నిప్పు పెట్టారు. మాదంతా ఎండు గడ్డే. గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడి అరిచాను. ఎవరు వింటారు? గాలి ఇటే. మంట గట్టు దాకా వచ్చేసింది.

కోటేశ్వరరావు, నాగమణి పరుగెత్తుకొచ్చారు. గట్టు వెంబడి గడ్డిని కర్రలతో, చేతులతో వెనక్కి లాగారు. "జరగండి టీచర్ గారూ!" అని నాగమణి నన్ను తోసేసింది. నిజంగానే తోసింది. మంట గట్టు దగ్గరే ఆగింది. గడ్డి లాగిన చోట మినుము మొలక కనిపించింది... వంకర టింకరగా, నేను చల్లినదే.

"మీరెందుకు వచ్చారు?" అన్నాను. థాంక్స్ అనాల్సింది పోయి.

"చేను కాలిపోతంటే చూస్తా కూర్చోమంటారా అండి?" అంది. ఆమె మోచెయ్యి కమిలింది. మందుకు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు తెప్పించినందుకు వాళ్ళ మీద కోపమూ వచ్చింది.

డిసెంబరు 6
కౌలు కార్డు ఫారం తెచ్చుకున్నాను. తమ్ముడికి చెప్పలేదు. చెబితే ఈ ఇంటి గడప తొక్కడు.

యజమాని గడులు నింపాను. సర్వే నంబరు, విస్తీర్ణం — చకచకా. కౌలుదారు పేరు దగ్గర కోటేశ్వరరావు అని రాశాను. దాని ముందు ఇంటిపేరు గడి.

తెలియదు. పదకొండేళ్ళు... ఏనాడూ అడగలేదు. ఫోన్‌లో చూశాను. వాడి నంబరు 'పొలం' అని ఉంది.

ఫోన్ చేసి అడగాలి. ఎందుకండి అంటాడు.