చిన్నాన్న పదకొండు బిరుదులు

ఎనుగు నగరం,
మంగళవారం

చీఫ్ ఒకెచుక్వు చిన్నాన్నకు, తమరు చనిపోలేదని తెలిసిన కొద్దిమందిలో ఒకడు నమస్కరించి రాయునది.

ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. మా కాలేజీ వాళ్లకి నేను చూపించాల్సింది సినిమా మొదట్లో పేర్లు పడే రెండు నిమిషాలు మాత్రమే. మీరు షూటింగుకు మీ కారు ఇస్తూ, "నా బిరుదులన్నీ పడాలిరా" అన్నారు. పదకొండూ వేస్తే నిమిషన్నర మీరే ఉన్నారు. మన దగ్గర అన్ని బిరుదులూ ఒక్కచోట పట్టేది చావు పోస్టరు మీదే కదా. మీ ఫొటోతో ఒకటి వేయించి, మీ వీధి గోడకు అంటించి, దాన్ని కెమెరాలో తీసి మూడు సెకన్లలో ముగించాను.

చింపడం మరిచాను. నిన్నటి నుంచి జనం మేకలతో, కల్లు కుండలతో వస్తున్నారు. "ఆయన లాగోస్‌లో ఉన్నాడు, పొద్దున్నే నన్ను తిట్టాడు కూడా" అని పిన్ని చెబితే, "పాపం, దుఃఖంలో ఏదో మాట్లాడుతోంది" అని ఆవిడనే ఓదారుస్తున్నారు.

ఎడిటింగ్ ఇంకా సగంలోనే ఉంది. గడువు నిన్నటితో అయిపోయేది. కానీ పరామర్శకు వచ్చిన మా మాస్టారు కళ్లు తుడుచుకుని వారం పెంచారు. కాబట్టి వచ్చే సోమవారం దాకా తమరు ఈ ఊళ్లో బతికి కనిపించవద్దని ప్రార్థన.

తమ సజీవ ఆశీస్సులు కోరుతూ,
మీ అన్న కొడుకు