కంచె మీదుగా పిడికెడు బియ్యం

2003 జూన్ 11
చెరువంతా చేపలు తెల్లగా తేలాయి. రెండు మూడు రోజులుగా మబ్బే... నీళ్లలో గాలాడక చచ్చాయేమో అన్నవాడు ఒక్కడూ లేడు. మందు కలిపాడని పక్కింటి సత్తిబాబును కరెంటు స్తంభానికి కట్టేసి పడవ తెడ్లతో కొట్టారు. మా పెరట్లోకి వినిపించింది — దెబ్బ, కేక, దెబ్బ. తర్వాత కేక లేదు, దెబ్బలే.

మా ఆయన అన్నానికి వచ్చారు. అరచేతులు తాడు ఒరుసుకుని ఎర్రగా ఉన్నాయి.

"కట్టింది మీరేనా?"

"చెరువు ఆసామి చెప్పాడు. అందరూ కొడతా ఉంటే నేనొక్కణ్ణీ చేతులు కట్టుకు నిలబడమంటావా?"

కంచం లాగి పెరట్లోకి విసిరేశాను.

జూన్ 12
సత్తిబాబుకు స్పృహ లేదు. వాళ్ల తమ్ముడు ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఊళ్లో చాటింపు — ఆ ఇంటికి బియ్యం, నిప్పు, నీళ్లు ఎవరిచ్చినా వాళ్లకూ చెరువు పని ఉండదట.

జూన్ 13
సత్తిబాబు భార్య నాగమణి పొయ్యి వెలగలేదు. పిల్లలిద్దరూ ఏడ్చి ఏడ్చి ఊరుకున్నారు. ఏడుపు ఆగాకే నాకు భయం వేసింది.

వండే ప్రతిసారీ ముందొక పిడికెడు తీసి డబ్బాలో వేస్తాను, ఆదివారం మందిరానికి. అత్తగారు నేర్పిన అలవాటు. ఆ డబ్బా మొత్తం కంచె మీదుగా నాగమణి కొంగులో దిమ్మరించాను.

"వద్దక్కా, మిమ్మల్నీ చంపేత్తారు."

"ముందు ఎసరు పెట్టవే!"

సత్తిబాబు మందు కలిపాడో లేదో నాకు తెలియదు. పిల్లలు కలపలేదు.

జూన్ 15, ఆదివారం
ఖాళీ డబ్బా పట్టుకెళ్లాను. పాస్టరుగారు పక్కకు పిలిచారు. "అది దేవుడి సొత్తమ్మా. అడిగి చెయ్యాల్సింది..."

"దేవుడి పిల్లలే తిన్నారండీ."

పాస్టరుగారు ఇవాళ చెప్పిన వాక్యం — పొరుగువాణ్ణి ప్రేమించమని! ఒళ్లు మండిపోయింది.

జూన్ 16
కత్తిపీట మీద చేప తల తెగ్గొడుతుంటే ఆసామి మెడ కనిపించింది. మా ఆయన మెడ కూడా. క్షమించు తండ్రీ... లేదు, అప్పుడే వద్దు.

జూన్ 18
ఎడమ చేత్తో రాస్తున్నా.

జూన్ 20
జరిగింది ఇవాళ రాయగలను. మొన్న కంచె మీద చెయ్యి చాపాను, పిడికిట్లో బియ్యం. ఆసామి మనిషి తెడ్డుతో కొట్టాడు. కిందపడ్డాను. చెప్పుకాలితో చేతిని తొక్కాడు. "వదులు" అంటాడు, తొక్కుతాడు. వేళ్లు పుల్లల్లా విరిగాయి. పిడికిలి విప్పలేదు.

మా ఆయన మెట్ల మీదే ఉన్నారు. "ఏవండీ..." అని పిలిచాను. కదల్లేదు.

తెడ్డు దెబ్బ కన్నా అదే నొప్పి. ఛీ.

జూన్ 22
మందిరానికి వెళ్లలేదు. మా ఆయనతో మాట్లాడను.

జూన్ 23
నా చేతికి కట్టు. వంట ఆయనే. బియ్యం చేటలో పోసుకుని... ఆగారు. ఆ తాడు కట్టిన చేత్తోనే ఒక పిడికెడు తీశారు. నా పిడికిలికి రెండింతలు. డబ్బాలో వేశారు. మళ్లీ ఇంకొకటి. ఇంకొకటి. నా వైపు చూడలేదు.

కంచె దగ్గర ఆసామి మనిషి కూర్చున్నాడు, తెడ్డు ఒళ్లో పెట్టుకుని. నాగమణి చిన్నపిల్ల మళ్లీ ఏడుస్తోంది.

ఆయన డబ్బా తీసుకుని పెరటి తలుపు దాకా వెళ్లారు. గడియ తీశారు. డబ్బాలో బియ్యం గలగలమంటున్నాయి.

ఇంకా గడప దాటలేదు...