పాట లేని వీడియో

తమ్ముడు లియాన్‌కు,

ప్రభువు కృపవల్ల క్షేమం. బర్మా సైనికులు మన చిన్నోడు తాంగ్‌ను పట్టుకెళ్తుండగా నేను తీసి పంపిన వీడియోకు ఏడుపు పాట, పావురాలు, కొవ్వొత్తులు చేర్చావటగా. పెళ్లి వీడియోకైనా ఇంత సింగారం ఉండదు. పాట హోరులో వాళ్ల మేజర్ గొంతు వినబడక, సైన్యం అఘాయిత్యాలపై ఆధారాలు సేకరించే విచారణవాళ్లు అసలుది అడిగితే, "ఫోన్ నిండిపోయిందని చెరిపేశా అక్కా" అన్నావు. పాట మాత్రం భద్రంగా ఉంది, సంతోషం.

నేను వీడియో తీసిన ఫోన్ ఆనాటి నుంచి బైబిలు పక్కనే ఉంది, వాడలేదు; అసలుది అందులోనే ఉంది. పాస్టరుగారు దాన్ని సరిహద్దు దాటించి, మిజోరం మీదుగా నేరుగా ఆ విచారణవాళ్లకే అందిస్తారు. "ఒక్కసారి ఇలా ఇవ్వండి" అని ఆయన్ను అడగకు.

అందులో మేజర్ తన పేరు గర్వంగా చెప్పుకున్నాడు. తర్వాత తాంగ్, "అక్కా, తలుపేసుకో" అని అరిచాడు. నీ పాటలో వాడూ వినబడలేదు, తమ్ముడూ.

నీకోసమూ ప్రార్థిస్తున్న
పెద్దక్క