అంకుల్ గారి హిమాలయ తులసి

సెప్టెంబర్ 9, శనివారం

బేస్‌మెంట్ తలుపు మీద మళ్ళీ రెండు తట్లు. అంటే అంకుల్‌కి మొక్కల మీద బెంగ పుట్టిందన్నమాట. చెప్పులేసుకుని పెరట్లోకి వెళ్ళాను. నాలుగు మొక్కలు, నాకంటే ఎత్తు. కంకులు బలిశాయి, ముట్టుకుంటే వేళ్ళకి జిగురు. ఇంటికి నాలుగు గంజాయి మొక్కలు పెంచుకోవచ్చని కెనడా చట్టమే ఒప్పుకుంది. అంకుల్ నాలుక ఒప్పుకోదు. “మొక్కలు” అంటాడు. మరీ తప్పకపోతే “అవి”.

రూము ఇచ్చే ముందు ఏం చదివావని గుచ్చి గుచ్చి అడిగాడు. అగ్రికల్చర్ బీఎస్సీ అనగానే మొహం వెలిగింది. పెళ్ళి సంబంధం చూస్తున్నాడేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని. నాలుగేళ్ళు తెగుళ్ళూ పురుగులూ చదివి, హామిల్టన్ వచ్చి సప్లై చైన్ డిప్లొమాలో చేరిన మహామేధావిని నేను. ఆ చదువు పనికొచ్చింది ఈ పెరట్లోనే.

సెప్టెంబర్ 10

ఇవాళ కిందున్న పెద్ద ఆకులన్నీ తుంచాను, గాలి ఆడడానికి. కర్రలు పాతి కట్టాను. అంకుల్ పక్కన నిలబడి సలహాలు... యూట్యూబ్‌లో ఎవడో పుల్లమజ్జిగ కొట్టమన్నాడట. పూత మీద మజ్జిగ! ముప్పై ఏళ్ళు స్టీలు కంపెనీలో ఇంజనీరుగా చేసిన బుర్ర. “ఇప్పుడు వీటిమీద ఏమీ కొట్టకూడదు అంకుల్. నీళ్ళు కూడా మొదలు దగ్గరే పోయాలి. కంకి తడిస్తే బూజు పడుతుంది” అన్నాను. నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. మజ్జిగ పేరు మాత్రం కొట్టెయ్యలేదు, చూశాను.

సెప్టెంబర్ 13

పచ్చపురుగులు. పదకొండు. చేత్తో ఏరి సబ్బునీళ్ళలో వేశాను. మిరపచేలో నాన్న చేసే పనే. ఫోన్‌లో చెప్తే నవ్వాడు. ఏం పంటరా అని అడిగితే టమాటా అన్నాను. చూశావా, నేనూ నేర్చుకుంటున్నాను.

సెప్టెంబర్ 16, శనివారం

రాజమండ్రి నుంచి అంకుల్ వాళ్ళ అక్క దిగింది. విజిటర్ వీసా, ఆరు నెలలు. డెబ్భై అయిదేళ్ళ మనిషి, నిటారుగా ఉంది. సామాన్లు పూర్తిగా దించకముందే పెరటి తలుపు తీసి ముక్కు ఎగబీల్చింది. “ఇవేం చెట్లురా తమ్ముడూ?”

అంకుల్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. “హిమాలయ తులసి అక్కా.”

నేను సూట్‌కేసు మోస్తూ మెట్ల మీద. ఆంటీ సింక్ దగ్గర. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పెద్దావిడ చెట్లకేసి చూసి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. పాపం. ఏం చెప్తే అది నమ్మే తరం.

సెప్టెంబర్ 19

వర్షం, మూడు రోజులుగా. ఒంటారియో లేక్ మీంచి వచ్చే చెమ్మ. చెట్ల మీద ప్లాస్టిక్ పందిరి వేయమంటే అంకుల్ ఒక్కో చెట్టుకీ సంచీ తొడిగి మొదట్లో తాడు కట్టాడు. లోపల ఆవిరి... ఇడ్లీ పాత్రలా. అన్నీ విప్పేశాను. నాలుగు గుంజలు, పైన ప్లాస్టిక్ పట్టా, పక్కలు తెరిచి. అంతే. దీనికి ఇంజనీరింగ్ అక్కర్లేదు.

సెప్టెంబర్ 21

ఎందుకింత పాకులాట అని నన్ను నేనే అడిగాను. అంకుల్ కోసం కాదు. డైరీలో ఆయనకి “గారు” కూడా పెట్టను.

రాజ్యం ఆంటీ చేతుల కోసం. వేళ్ళ కణుపులు అల్లంకొమ్ముల్లా వాచి ఉంటాయి. చలి మొదలైతే జడ వేసుకోలేదు, టీ కప్పు రెండు మణికట్ల మధ్య పట్టుకుంటుంది. మాత్రలు కడుపుకి పడవు. పోయినేడు మొదటిసారి ఈ కంకులు నువ్వులనూనెలో కాచి రాసుకుంటే చలికాలమంతా తన జడ తనే వేసుకుందట. ఆ సీసా మేలో అయిపోయింది. పంట పోతే ఈ శీతాకాలం ఆ సీసా లేదు.

లైసెన్సున్న గంజాయి షాపులో దొరుకుతుంది కదా అన్నాను ఒకసారి. అంకుల్ ఉలిక్కిపడ్డాడు. ఎవరైనా చూస్తే? పోనీ నేను తెస్తానన్నాను. “మనింటి ఆడపిల్ల అలాంటి చోటికి వెళ్ళకూడదమ్మా.” తెలుగు సంఘంలో స్టూడెంట్ వెల్ఫేర్ ఆయనదే మరి. కొత్తగా దిగిన పిల్లలకి ఏటా డ్రగ్స్ మీద ఉపన్యాసం ఇస్తాడు. ఈ ఏడు విమానాలకి విమానాలు నింపుకుని వస్తున్నారు పిల్లలు. ఉపన్యాసం కూడా పెద్దదవుతుంది.

సెప్టెంబర్ 25, సోమవారం

వంటింటి తలుపు పక్క చెట్టు. నాలుగింట్లోకీ లావు కంకి. ఒక చిన్న ఆకు గోధుమరంగుకి తిరిగింది. లాగితే ఊరికే ఊడి వచ్చింది. కంకి విప్పి చూస్తే లోపలంతా బూడిదరంగు బూజు.

కుళ్ళిన చోటికి జానెడు కిందికి కోశాను. కత్తెర స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ కోశాను. ముక్కలన్నీ సంచీలో కట్టి పారేశాను. అయినా ఈ ఒక్క చెట్టుకే ఎందుకు? పందిరి ఉంది. గాలి ఉంది. పట్టా చిరగలేదు.

సెప్టెంబర్ 27

దొరికింది కారణం.

పొద్దున కాఫీషాప్ షిఫ్ట్‌కి బయల్దేరుతూ చూశాను. మూడు చెట్లు పొడిగా ఉన్నాయి. తలుపు పక్కది నెత్తి నుంచి కారుతోంది. మొదట్లో మడుగు. కాండానికి పసుపు, కుంకుమ బొట్టు, మట్టిలో గుచ్చిన అగరుబత్తి పుల్ల. పెరటి మెట్టు మీద ఖాళీ రాగిచెంబు.

తులసికి నీళ్ళు పోస్తోంది పెద్దావిడ. రోజూ. తల మీంచి. అంకుల్ అబద్ధం చెంబుడు చెంబుడు నీళ్ళు తాగి కుళ్ళిపోయింది. బస్సులో నవ్వు ఆపుకోలేకపోయాను. దిగేసరికి ఏడుపొచ్చింది, ఆంటీ జడ గుర్తొచ్చి.

సెప్టెంబర్ 28

అంకుల్‌కి చెప్పాను. నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. నిజం చెప్పేయండి, ఆంటీ మందుకని చెప్పండి అన్నాను. “అక్కకి ఆ మాట ఎలా చెప్పనమ్మా? నాన్న పోయాక నన్ను చదివించిన మనిషి. నువ్వే ఏదో ఒకటి చెప్పు.”

సరే, చెప్పాను. ఈ తులసికి తల మీద నీళ్ళు పడవు అమ్మమ్మగారూ, మొదట్లో పోయండి. పెద్దావిడ నన్ను కింద నుంచి పైకి చూసింది. “తల తడవకుండా స్నానమేవిటమ్మా?”

వాదించి లాభం లేదు. మూర్ఖత్వానికి మందు కొట్టే స్ప్రేయర్ ఇంకా కనిపెట్టలేదు.

సెప్టెంబర్ 29

మళ్ళీ పోసింది.

సెప్టెంబర్ 30, శనివారం

దసరా మీటింగ్ మా ఇంట్లో — అంటే వాళ్ళ ఇంట్లో. సంఘం పెద్దలు ఆరుగురు. టీలు అందించడానికి నన్ను పిలిచారు. ట్రే పట్టుకుని వంటింట్లోంచి వస్తుంటే ఎవరో కిటికీ దగ్గర నిలబడి, “రావుగారూ, ఇదేంటీ వాసన?” అన్నాడు.

అంకుల్ నవ్వాడు. “మా బేస్‌మెంట్ అమ్మాయివండీ. అగ్రికల్చర్ కదా, కాలేజీ ప్రాజెక్ట్ అట.”

ట్రే అక్కడే పెట్టేసి దిగిపోయాను. సప్లై చైన్ కాలేజీలో గంజాయి ప్రాజెక్టేమిటని ఒక్కడూ అడగలేదు. పెద్దమనుషులు! సాయంత్రానికి స్టూడెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఈ కబురు వచ్చేసింది. పేరు పెట్టలేదు. హామిల్టన్ కొండ మీద, రావుగారి ఇంట్లో, అగ్రి అమ్మాయి... ఇంకేం మిగిలింది పెట్టడానికి?

అక్టోబర్ 1

ఒళ్ళు మండిపోతోంది. పట్టా పీకేసి వర్షంలో వదిలేద్దామా అనిపించింది. పైకి వెళ్ళాను కూడా.

ఆంటీ కిటికీలోంచి చూస్తోంది. ఆవిడా ఏమీ అనదు, అదొక జబ్బు ఆ ఇంట్లో. పురుగులు ఏరి వచ్చేశాను.

అక్టోబర్ 4

తలుపు పక్క చెట్టు పోయింది. మొదలంటా నరికేశాను. పెద్దావిడ మెట్టు మీద కూర్చుని చూసింది. మొహంలో బాధ లేదు. చెంబు పట్టుకుని రెండో చెట్టు వైపు జరిగింది.

అక్టోబర్ 6

వేరే రూము దొరికింది. నలుగురు అమ్మాయిలు, ఒక బాత్రూము. పదిహేనున షిఫ్ట్ అవుతానని చెప్పాను. అంకుల్ మొదట అడిగిన మాట: “మరి హార్వెస్ట్?”

అక్టోబర్ 10

పట్టా ఒక పక్క కిందికి దించి కట్టి రెండో చెట్టుకి చెంబు అందకుండా చేశాను. పెద్దావిడ స్టూలు తెచ్చుకుంది.

అక్టోబర్ 13, శుక్రవారం

రేపు రాత్రికి ఫ్రాస్ట్ వార్నింగ్. మంచు పేరుకుంటే కంకులు మాడిపోతాయి, దుప్పట్లు కప్పాలి. కంకులకి ఇంకో నాలుగైదు రోజులు కావాలి. పంట కోసేదాకా ఉండాలా, నా సూట్‌కేసు సర్దుకోవాలా... అంకుల్‌కి రేపు సంఘం హాల్లో కొత్త స్టూడెంట్స్ వెల్‌కమ్. ఉపన్యాసం ప్రాక్టీసు చేస్తున్నాడు, పైనుంచి వినిపిస్తోంది. “మీ తల్లిదండ్రుల నమ్మకాన్ని...” అక్కడే మూడుసార్లు ఆగాడు.

అక్టోబర్ 14, శనివారం

సాయంత్రం అయిదింటికి సిల్కు కుర్తా వేసుకుని వెళ్ళిపోయాడు. “దుప్పట్ల సంగతి చూడమ్మా” అని. నేను చూడను అనుకున్నాను. సూట్‌కేసు తెరిచాను.

తలుపు మీద ఒక్క తట్టు. చేత్తో కాదు, మోచేత్తో. రాజ్యం ఆంటీ. పాత కాటన్ దుప్పట్లు రెండు చేతుల మీదా మోసుకుని మెట్లన్నీ దిగి వచ్చింది. వేళ్ళు ముడుచుకోవడం లేదు. “నీవి అన్నారు కదా శ్రావణీ ఆయన. నీ చెట్లకి కప్పుకుంటావేమోనని.” నవ్వుతోందా, ఏడుస్తోందా, తెలియలేదు.

పైకి వెళ్ళాం. నేల తడిపాను, తడి నేల కాస్త వేడి నిలబెడుతుంది. కంకులకి తగలకుండా గుంజల మీంచి దుప్పటి వేస్తుంటే పెద్దావిడ వచ్చింది, చేతిలో చెంబు. సంధ్యవేళ పూజట. నాకు ఒళ్ళు తెలియలేదు.

“అది తులసి కాదు, గంజాయి” అన్నాను.

“తెలుసు” అంది.

దుప్పటి నా చేతిలోనే ఉండిపోయింది.

“మా ఇంటరుగు మీద బైరాగులు తాగేవారు. ఆ వాసన తెలీదా నాకు? వీడు తాగుతున్నాడనుకున్నాను. తులసన్నాక ఇంకేమడుగుతాను? పొగాకు పండించినదాన్ని, మొగ్గ నానితే కుళ్ళుతుందని నాకు నువ్వు చెప్పాలా. నాలుగూ కుళ్ళితే పీడా పోతుందనుకున్నా.”

పాపం, ఏం చెప్తే అది నమ్మే తరం అని రాశాను పదహారో తేదీన. ఆ పేజీ చింపేద్దామనిపించింది. ఉండనీ. నా తెలివికి సాక్ష్యం.

ఆంటీ చేతులు చూపించాను. దేనికో చెప్పాను. నూనె, జడ, మాత్రలు, అన్నీ. పెద్దావిడ ఆంటీ వేళ్ళు పట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. నెల రోజులై ఒకే ఇంట్లో ఉన్నారు. “నాకు చెప్పకూడదుటే?” అంది. ఆంటీ రెండో దుప్పటి మోచేత్తో విప్పడం మొదలెట్టింది.

తరవాత ముగ్గురం కప్పాం. పెద్దావిడ స్టూలెక్కి దుప్పటి అంచులు సరిచేసింది. అదే స్టూలు. దుప్పటి ఎగరకుండా అంచుల మీద ఇటుకలు పెట్టాం. పొద్దున్నే తీసేయాలి, లేకపోతే లోపల చెమ్మ పట్టి మళ్ళీ బూజు.

ఏడున్నరకి అంకుల్ మెసేజ్. ప్రోగ్రాం బ్రహ్మాండంగా జరుగుతోందట. ఎవరో మొక్కల గురించి అడిగారట. నా ప్రాజెక్ట్ అని అందరి ముందూ మైకులో క్లియర్ చేశాడట, నేనేం వర్రీ కావద్దట. రేపు పదకొండుకి ఇద్దరు పెద్దవాళ్ళు నాతో మాట్లాడ్డానికి వస్తారట, “జస్ట్ కౌన్సెలింగ్”.

గట్టిగా చదివాను, ఇద్దరికీ వినపడేలా.

పెద్దావిడ చెంబులో మిగిలిన నీళ్ళు గడ్డిలో పారబోసింది. “రానీ. నేనుంటాను” అంది.

ఏం చెప్తారు అని అడిగాను. చెంబు మెట్టు మీద బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది. సూట్‌కేసు ఇంకా తెరిచే ఉంది.